మన ట్రంకుపెట్టెలు – విశ్వవిద్యాలయపు పత్రాగారాలు



పాటలు, నాట్యాలు, పిండివంటలు ఉన్న ఉత్సవంలో పాత కాగితాల గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. మేము పండితులం కాము. ఈ దేశంలో పుట్టిన మూడవ తరంవాళ్ళం. పగలు బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొన్నవాళ్ళం. అందువల్ల మా మాటలు తేలికగానే ఉంటాయి. విషయం మాత్రం తేలికైనది కాదు. మన ఇళ్ళలో తాతల ట్రంకుపెట్టెల్లో మిగిలి ఉన్న తెలుగు ఉత్తరాలు ఏమి కావాలి అన్నదే ఆ విషయం.

పుస్తకానికీ ఉత్తరానికీ ఒక భేదం ఉంది. పుస్తకం వేయి ప్రతులు అచ్చవుతుంది. ఒకటి పోయినా మరొకటి దొరుకుతుంది. ఉత్తరం ఒక్కటే ప్రతి. పోతే పోయినట్లే. అందుకే పెద్ద విశ్వవిద్యాలయాలలో గ్రంథాలయంతోపాటు మరొక విభాగం ఉంటుంది. ఇంగ్లీషులో ఆర్కైవ్స్ అంటారు. మనం పత్రాగారం అందాం. ఒక మనిషి వ్రాసిన, అందుకొన్న ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు, పద్దులు, ఫొటోలు అక్కడ పెట్టెలలో భద్రపరుస్తారు. ఏ పెట్టెలో ఏమున్నదో పట్టిక వ్రాసి ఉంచుతారు. చదువదలచినవారు అక్కడికే వెళ్ళి, సిరా కలం పక్కన పెట్టి, పెన్సిలుతో మాత్రమే వ్రాసికొంటూ చదువుకోవాలి. ఇంటికి తీసికొని పోవడానికి వీలు లేదు.

అటువంటిది మన డర్బన్‌లోనే ఉంది. బెరియా గుట్టమీద, పూర్వం మారియట్ రోడ్డు అని పిలిచిన వీధిలో, మకల్‌న్యూక్ అనే పెద్ద ఇల్లు మీలో చాలమంది చూచి ఉంటారు. అది కిల్లీ కాంబెల్ అనే ఆమె ఇల్లు. ఆమె 1881లో పుట్టింది, 1965లో మరణించింది. పెండ్లి చేసికోలేదు. జీవితమంతా ఆఫ్రికా గురించిన పుస్తకాలు, వ్రాతలు, ఉత్తరాలు సేకరించింది. వాటిని నేటాల్ విశ్వవిద్యాలయానికి వదిలిపెట్టి వెళ్ళింది. 2004లో నేటాల్ విశ్వవిద్యాలయమూ, డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయమూ కలిసి క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం అయినవి. కిల్లీ కాంబెల్ గ్రంథాలయం ఇప్పుడు దానిలో భాగం.

ఈ కిల్లీ కాంబెల్ ఎవరి కుమార్తె? మౌంట్ ఎడ్జ్‌కూంబ్ చెరకు తోటల యజమాని సర్ మార్షల్ కాంబెల్ కుమార్తె. ఆ తోటలలో చెరకు నరికినవారు ఎవరో ఇక్కడ కూర్చున్నవారికి మేము చెప్పనక్కరలేదు.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుండి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. 1911లో ఆ రాకలు ఆగేవరకు మొత్తం 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా వచ్చారు. గంజాం, విశాఖపట్టణం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు అందులో వేలకొలది ఉన్నారు. అయిదేండ్ల ఒప్పందం, మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగుల జీతం. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఓడ పట్టీలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చ, ఎత్తు ఎన్ని అంగుళాలు అన్నీ వ్రాశారు. ఆ మనిషి ఎందుకు ఓడ ఎక్కాడు, ఊళ్ళో ఎవరిని వదిలి వచ్చాడు అన్నది వ్రాయలేదు. ఆ పట్టీలకు అది అవసరం లేదు.

1913లో గాంధీగారి సత్యాగ్రహ కాలంలో మూడు పౌనుల పన్నుకు వ్యతిరేకంగా తోటల కూలీలు పని మానివేశారు. ఆ నవంబరులో మౌంట్ ఎడ్జ్‌కూంబ్ తోటలలో కాల్పులు జరిగి కూలీలు మరణించారు. ఆ డిసెంబరులో గాంధీగారు మార్షల్ కాంబెల్‌కు ఉత్తరం వ్రాశారు. అది గాంధీగారి సంపూర్ణ రచనలలో అచ్చయింది. కాంబెల్ కుటుంబపు కాగితాలు కూతురు ఏర్పరచిన గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. నాయకుడి మాట ఉంది, యజమాని మాట ఉంది. పని మానివేసిన మనిషి తన చేతితో వ్రాసిన కాగితం ఎక్కడ? చాలవరకు మిగిలినవి వాంగ్మూలాలే. అతడు తన భాషలో చెబితే, దుబాసీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పగా, గుమాస్తా వ్రాసికొన్నవి.

ఇది ఎవరిమీదనో నింద వేయడానికి చెప్పడం లేదు. ఆ కుమార్తె దాచింది కాబట్టి ఆ కాగితాలు ఉన్నాయి. దాచడం ఆమె చేసిన మంచిపని. మన తాతల కాగితాలను దాచవలసినవారు మనమే.

“మావాళ్ళు గొప్పవాళ్ళు కారు, మా ఉత్తరాలు విశ్వవిద్యాలయానికి ఎందుకు?” అని అడిగేవారున్నారు. వారికి ఒక ఉదాహరణ చెబుతాము. ఇది కూడ కిల్లీ కాంబెల్ గ్రంథాలయంలోనిదే.

మేబెల్ పామర్ అనే ఇంగ్లీషు విదుషి 1936లో నేటాల్ యూనివర్సిటీ కాలేజీలో తెల్లవారు కానివారికి వేరే తరగతులు ఏర్పాటు చేయించింది. అవి శాస్త్రి కాలేజీ భవనంలో, పగటిబడి లేని వేళలలో జరిగేవి. మన భారతీయ ఉపాధ్యాయులు ఎందరో పగలు పాఠాలు చెప్పి, ఆ వేళ కాని వేళ చదివి పట్టాలు పొందారు. 1949లో ట్రాన్స్‌కైలోని ఒక పదిహేనేండ్ల నల్లజాతి బాలిక, ఎప్పుడూ చూడని ఈ డెబ్బది దాటిన ముసలమ్మకు ఉత్తరం వ్రాసింది. తాను అనాథనని, చదువుకోవడానికి సహాయం చేయమని వేడుకొంది. పామర్ ఆమెను ఆడమ్స్ కాలేజీలో చేర్పించింది. ఉత్తరాలు సాగాయి. బాలిక ఆమెలో తల్లిని కోరింది. పామర్ ఫీజు కట్టగలిగింది కాని ఆ చనువు ఇవ్వలేకపోయింది. 1951లో ఆ బాలిక చదువు మానేసి వెళ్ళిపోయింది. తరువాత చాల ఏండ్లు మానసిక చికిత్సాలయాలలో గడిపింది.

ఆ బాలిక ఏ పదవిలోనూ లేదు. ఏ పత్రికా ఆమె పేరు వ్రాయలేదు. అయినా పామర్ ఆ ఉత్తరాలను పారవేయలేదు. పామర్ కాగితాలు గ్రంథాలయానికి చేరాయి. షూలా మార్క్స్ అనే చరిత్రకారిణి అక్కడ వాటిని చదివి, ఇద్దరి ఉత్తరాలతోపాటు సిబుసిసివె మఖన్యా అనే జులూ సంఘసేవిక ఉత్తరాలను కూడ చేర్చి, 1987లో “నాట్ ఐదర్ యాన్ ఎక్స్‌పెరిమెంటల్ డాల్” అనే పుస్తకం ప్రకటించింది. ఆ కాలపు చదువు, జాతిభేదం, ఆడపిల్ల ఒంటరితనం గురించి ప్రభుత్వ నివేదికలు చెప్పలేనిది ఆ కొద్ది ఉత్తరాలు చెప్పాయి. పుస్తకంలో ఆ బాలిక అసలు పేరు వ్రాయలేదు. లిలీ మోయా అనే మారుపేరు పెట్టారు. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి, దానితో తరువాత పని ఉంది.

అక్కడే ఇంకొక నిధి ఉంది. జేమ్స్ స్టూవర్ట్ అనే మేజిస్ట్రేటు 1897 ప్రాంతంనుండి పాతికేండ్లపాటు దాదాపు రెండువందలమందిని, ముఖ్యంగా జులూ పెద్దలను, కూర్చోబెట్టి వారు చెప్పినది వ్రాసికొన్నాడు. చెప్పినవారి పేర్లు, చెప్పిన తేదీలు కూడ వ్రాశాడు. ఆ నోటుపుస్తకాలు కిల్లీ కాంబెల్ సేకరణలో చేరాయి. 1976నుండి సంపుటాలుగా అచ్చవుతున్నాయి. అంటే చదువురాని పెద్దల మాట కూడ, వ్రాసికొనేవాడొకడుంటే, నూరేండ్లు నిలుస్తుంది.

మన భాషకు జరిగిన మేలు కూడ ఇటువంటిదే. సి. పి. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకొని తెలుగు వ్రాతప్రతులు పోగుచేసి శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన 1884లో మరణించాడు. దాదాపు తొంబదేండ్ల తరువాత తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆయన లేఖలను, కాగితాలను వెదికి చదివే పని జరిగింది. బంగోరె అనే పేరుతో ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు ఆ పనిలో ఎంతో శ్రమించారు. కాగితం మిగిలి ఉంటే, చదివేవాడు తొంబదేండ్లకైనా వస్తాడు.

ఇక మన ఇళ్ళ సంగతి. మన పెట్టెలలో ఏమున్నాయి? ఒప్పందం ముగిసినట్లు ఇచ్చిన కాగితం, నంబరుతో సహా. ఊరికి డబ్బు పంపిన రసీదులు. పెండ్లి శుభలేఖలు. భజన పాటలు చేతితో వ్రాసికొన్న నోటుపుస్తకం. తెలుగుబడి హాజరుపట్టీ. అన్నిటికంటె విలువైనవి ఊరినుండి వచ్చిన ఉత్తరాలు. కొన్ని ఊరి కరణం చేతనో, బడిపంతులు చేతనో వ్రాయించినవి. పైన “శ్రీరామ” అని, తరువాత “ఉభయకుశలోపరి” అని మొదలుపెట్టి, వానలు పడ్డాయా, ఎవరికి పిల్లలు పుట్టారు, ఎవరు పొలం కుదువ పెట్టారు, నీవు ఎప్పుడు వస్తావు అని సాగుతాయి. మా సాయంకాలపు తరగతికి ఒక అమ్మాయి అటువంటి కార్డు తెచ్చింది. వాళ్ళ ఇంట్లో దానిని పూజగదిలో దేవుడి పటం వెనుక ఉంచారు. చదవగలిగినవారు లేక, అది మంత్రమనుకొన్నారు. మా తరగతిలో అందరం కలిసి రెండు సాయంకాలాలు కూడబలుక్కొని చదివాము. చెల్లెలు అన్నకు వ్రాయించిన ఉత్తరం అది. నీవు పంపిన డబ్బు అందింది, అమ్మకు చూపు తగ్గింది, నీ గొంతు వినాలని అడుగుతున్నది అని ఉంది. ఆ అమ్మాయికి అంతవరకు ముత్తాతకు చెల్లెలున్నదనే తెలియదు.

ఈ ఉత్తరాలు చదవడానికి మూడు చిక్కులున్నాయి. ఒకటి, కరణాల వ్రాత గొలుసుకట్టు. మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. రెండు, తేదీలు. పాతవాళ్ళు తెలుగు సంవత్సరం పేరు వ్రాసేవారు. ఆనంద నామ సంవత్సరం 1914లో వచ్చింది, మరల 1974లో వచ్చింది. అరువదేండ్లకొకసారి అదే పేరు. ఏ ఆనందయో చెప్పేది కవరుమీది పోస్టు ముద్రే. మన పిల్లలు తపాలాబిళ్ళల సరదాతో ఎన్ని కవర్లు కత్తిరించారో! ఉత్తరంతో కవరు కూడ ఉండాలి. మూడవ చిక్కు మన ఆచారం. మంచి వార్త తెచ్చిన ఉత్తరానికి నాలుగు మూలల పసుపు పూస్తాము. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదవగానే చించివేస్తాము, ఇంట్లో ఉంచము. అందువల్ల మన పెట్టెలలో పుట్టుకలున్నాయి, పెండ్లిళ్ళున్నాయి, మరణాలు లేవు. ఊళ్ళో తల్లి ఎప్పుడు పోయిందో ఏ ఇంటి ఉత్తరాలలోనైనా కనబడకపోతే, అది కొడుకు పట్టించుకోలేదని కాదు, ఆచారం పాటించాడని. ఆ సంగతి తెలిసినవాళ్ళం మనం చెప్పకపోతే, రేపు ఆ పెట్టె తెరచిన పరిశోధకునికి ఎవరు చెబుతారు?

మన కాగితాలకు తగిలిన పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం. కేటో మేనర్ వంటి చోట్లనుండి కుటుంబాలను లేపి చాట్స్‌వర్త్‌కు, తరువాత ఫీనిక్స్‌కు పంపారు. పెద్ద ఇంటినుండి చిన్న ఇంటికి మారేటప్పుడు మంచం వస్తుంది, రోలు వస్తుంది. పాత కాగితాల పెట్టె రాదు. ఆ మార్పులు దాటి మిగిలినవే ఇప్పుడు మన దగ్గర ఉన్నవి. వాటిని చదవగలిగిన పెద్దలు కూడ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

వీటిని ఎక్కడ ఇవ్వాలి? వెస్ట్‌విల్ ఆవరణలో గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ కేంద్రం ఉంది. ఈ దేశపు భారతీయుల చరిత్రకు సంబంధించిన కాగితాలకు అది ముఖ్యమైన చోటు. ఆ విశ్వవిద్యాలయం 1961లో సాలిస్బరీ ద్వీపంలో, భారతీయులను వేరు చేయడానికి పెట్టిన కాలేజీగా మొదలైంది. మన పిల్లలు పడవ దాటి వెళ్ళి చదివారు. వేరు చేయడానికి పెట్టిన చోటే ఇవ్వాళ మన జ్ఞాపకాలు దాచే చోటు అయింది. అక్కడ కాని, మరే పత్రాగారంలో కాని, ముందుగా మాట్లాడి, పట్టిక చూపించి, వారు తీసికొంటామన్న తరువాతే ఇవ్వాలి.

ఇచ్చేముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఉత్తరాలు ఏ వరుసలో కట్టి ఉన్నాయో ఆ వరుస మార్చకండి. తాత ఎందుకు అలా కట్టాడో ఆ వరుసే చెబుతుంది. చిరిగినచోట సెలోటేపు అంటించకండి. అది పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ లామినేషన్ చేయించకండి. ఒకసారి చేస్తే ఇక విడదీయలేరు. డర్బన్ తేమగాలి మీకు తెలిసిందే. స్నానాలగది గోడపక్క, రేకుల కొట్టులో ఉంచకండి. ఫొటో వెనుక ఎవరెవరున్నారో మెత్తని పెన్సిలుతో వ్రాయండి. సెల్‌ఫోనులో ఫొటో తీసి బంధువులకు పంపడం మంచిదే. కాని ఫోను మారగానే అది కూడ పోతుంది. అసలు కాగితం అసలు కాగితమే.

పెద్దలకు ఒక భయం ఉంది. అది న్యాయమైన భయం. ఇంటిగుట్టు బజారుకెక్కుతుందని. ఓడ పట్టీలో వ్రాసిన కులం ఒకటి, ఇక్కడ చెప్పుకొన్నది మరొకటి కావచ్చు. ఊళ్ళో ఒక భార్య, ఇక్కడ ఒక భార్య ఉండవచ్చు. అప్పులు, కొట్లాటలు, జైలు ఉండవచ్చు. దీనికి పత్రాగారాలలో మార్గముంది. ఇచ్చేటప్పుడు దానపత్రం వ్రాసికొంటారు. ఇన్ని సంవత్సరాలవరకు ఎవరికీ చూపకూడదని అందులో షరతు పెట్టవచ్చు. కొన్ని ఉత్తరాలు మూసిన కవరులో ఉంచమనవచ్చు. కాగితం మనదైనా, అందులోని మాటలమీద హక్కు వ్రాసినవారిదీ వారి వారసులదీ అన్న సంగతి కూడ మరువరాదు. లిలీ మోయా పేరు సంగతి గుర్తుంచుకోమన్నాము కదా. ఉత్తరాలు ప్రపంచమంతా చదివింది. ఆమె అసలు పేరు మాత్రం పుస్తకంలో మరుగుననే ఉంది. గుట్టు కాపాడుతూ చరిత్రను కాపాడవచ్చు. అగ్గిపుల్ల గీయడం ఒక్కటే దారి కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరకు ఉంచాము. పత్రాగారం కాగితాన్ని నూరేండ్లు నిలపగలదు. చదవలేదు. పట్టిక వ్రాసే గుమాస్తాకు తెలుగు రాకపోతే, “భారతీయ భాషలో ఉత్తరాలు, ఒక కట్ట” అని మాత్రమే వ్రాయగలడు. ఆ కట్ట మరి ఎవరూ అడగరు. అందులో ఎవరు ఎవరికి వ్రాశారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏమి సంగతి అని నాలుగు పంక్తులు ఇంగ్లీషులో వ్రాసి కట్టకు జతచేస్తే ఆ ఉత్తరానికి నోరు వస్తుంది. ఆ నాలుగు పంక్తులు వ్రాయగలిగినవాళ్ళు ఈ హాలులో ఉన్నారు.

“తెలుగు నేర్చుకొంటే ఏమి ఉద్యోగం వస్తుంది?” అని సాయంకాలపు తరగతిలో పిల్లలు మమ్మల్ని అడుగుతారు. ఉద్యోగం సంగతి చెప్పలేము. పని మాత్రం ఉంది. అది మీ ఇంట్లోనే, మంచం క్రింద ఉంది.

కనుక సభవారి ముందు మూడు ప్రార్థనలు ఉంచుతున్నాము. మొదటిది, ఈ సంవత్సరం ప్రతి కుటుంబమూ పెట్టె ఒకసారి తెరచి, తెలుగులో ఉన్న ప్రతి కాగితాన్నీ పక్కన పెట్టాలి, చదవలేకపోయినా పారవేయకూడదు. రెండవది, నెలకు ఒక సాయంకాలం తరగతిలో వ్యాకరణం మాని ఉత్తరాలు చదువుదాము. పెద్దలు వచ్చి కూర్చోవాలి, పిల్లలు వ్రాయాలి. మాటకు అర్థం తెలిసేది అవ్వకు, అక్షరం తెలిసేది మనుమరాలికి. ఇద్దరూ కూర్చుంటే కాని ఒక్క ఉత్తరం పూర్తికాదు. మూడవది, ఉత్తరాలు లేని ఇళ్ళలో పెద్దల మాటలను పేరు, తేదీ వేసి వ్రాసికొనాలి. స్టూవర్టు దొర జులూ పెద్దల దగ్గర చేసిన పని మన అవ్వల దగ్గర మన పిల్లలు చేయలేరా?

మొదటి సాయంకాలానికి మా ఇంటి కట్ట మేమే తెస్తాము. పదకొండు ఉత్తరాలు. మూడు మాత్రమే చదవగలిగాము. మిగిలిన ఎనిమిదీ గొలుసుకట్టులో ఉన్నాయి. గొలుసుకట్టు చదవగల పెద్దలు ఎవరైనా ఉంటే దయచేసి మాకు తెలియజేయండి.